రెండు వాడిన లిల్లీలు

మధ్యాహ్నం రెండూ పదికి నత్తగారు ఆ ఆఫీసు గుమ్మం ఎక్కేసరికి ఆయన చేతిలో సరిగ్గా గంటా యాభై నిమిషాలు మిగిలాయి. నాలుగు కొట్టగానే ఫిర్యాదు కాగితం పోలీసులకి వెళ్ళిపోతుంది. ఆ కాగితంలో ఉన్న పేరు, రిసెప్షన్‌లో ఓ మూల కుర్చీలో ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చున్న పూలకొట్టావిడది. ఆయన్ని పిలిపించిందీ ఆవిడే.

నత్తగారనేది అసలు పేరు కాదని వేరే చెప్పనక్కర్లేదు. ఇన్సూరెన్సు కంపెనీలో ఇరవై ఆరేళ్ళు, కాలిపోయిన గోడౌన్లూ నీట మునిగిన సరుకులూ చూసి ఏది ప్రమాదమో ఏది నాటకమో తేల్చే ఉద్యోగం చేశారాయన. ఒక్క బూడిద కుప్ప దగ్గర మూడు పూటలు కూర్చునేవారు. తోటివాళ్ళు విసుగెత్తి పెట్టిన పేరది. రిటైరయ్యాక సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచి బోర్డు మీద అసలు పేరే రాయించారు గానీ, వచ్చినవాళ్ళంతా "నత్తగారుండేది ఇక్కడేనా?" అనే అడుగుతుంటే ఆయనే రాజీ పడిపోయారు.

"లేవకు, కూర్చోమ్మా. ఏడ్చేది తర్వాత ఏడుద్దువు గాని, ముందు టైములు చెప్పు."

"నేనేం ఏడవడం లేదన్నయ్యగారూ," అందావిడ. నిజమే, కళ్ళు పొడిగానే ఉన్నాయి. సంచీని మాత్రం పది వేళ్ళతో గట్టిగా పట్టుకుంది. ఆ వేళ్ళ నిండా పాత ముళ్ళ గీతలు.

ఆవిడ వ్యాపారం కంపెనీలకి. పదిహేడు కంపెనీలు ఆవిడ చేత తమ పెద్ద ఖాతాదారులకి ప్రతి సోమవారం పూలు పంపిస్తాయి. లంచమూ కాదు, మొహమాటమూ కాదు. మిమ్మల్ని మరిచిపోలేదండోయ్ అని వారానికోసారి గుర్తుచేయడం, అంతే. ఏ మేనేజరుకి ఏ వాసన పడదో, ఎవరి భార్య పోయాక ఏ రంగు చూస్తే మనసు పాడవుతుందో, అంతా ఆవిడ బుర్రలో ఉంటుంది. అయిదేళ్ళుగా ఓ లిఫ్టుల కంపెనీ తరఫున, ఆసుపత్రులు కట్టే ఈ కంపెనీ డైరెక్టరు గదిలో పూలు పెడుతోంది. ఇవాళ, గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి ఆ పూల మొదట్లో వేలెడు రికార్డరు ఒకటి దొరికింది.

"సోమవారం ఎన్నింటికి పెట్టావు?"

"ఎనిమిదీ నలభైకి. సెక్రటరీ అమ్మాయి తలుపు తీసింది. తెల్ల పింగాణీ తొట్టి, అందులో తడిపిన స్పాంజి, దానికి గుచ్చిన ఏడు లిల్లీ కాడలు. దండల్లో కట్టే సన్న లిల్లీ కాదు, అరచేయంత విచ్చుకునే పెద్ద రకం. అన్నీ మొగ్గలే."

"బహుమతిగా మొగ్గలిస్తావా?"

"ఆఫీసులకి మొగ్గలే ఇవ్వాలండీ. సోమవారమే విచ్చుకున్నవి పెడితే గురువారానికి మొహం వేలాడేస్తాయి. చూసినవాళ్ళు పంపినవాళ్ళనే అనుకుంటారు."

"బాగుంది. మరి బుధవారం పదింటికి మళ్ళీ ఎందుకు వెళ్ళావు? నీ మెడకి చుట్టుకుంటున్నది ఆ రాకే. రికార్డరులో ఉన్నది బుధవారం పదకొండున్నరకి ఆ గదిలో జరిగిన మీటింగు. నువ్వు పది గంటలకొచ్చి పూలలో చెయ్యి పెట్టావు. గంటన్నర తర్వాత మీటింగు. ఏ పోలీసుకైనా ఇంకేం కావాలి?"

"కేసరాలు తుంచడానికి వెళ్ళానండీ. లిల్లీ విచ్చుకోగానే మధ్యలో కేసరాల నిండా ఇటుక రంగు పుప్పొడి ఉంటుంది. బట్టకి అంటిందంటే చచ్చినా వదలదు. నా మొదటి ఆర్డరు అట్లాగే పోయింది, ఓ పెద్దాయన తెల్లకోటు పాడుచేసి. అప్పట్నుంచీ బుధవారం బుధవారం నేనే అన్ని ఆఫీసులూ తిరిగి, విచ్చుకున్నవాటికి తుంచేసి వస్తాను. నిన్న ఇక్కడ నాలుగు విచ్చుకుని ఉన్నాయి. నాలుగింటికీ తుంచాను. మూడు ఇంకా మొగ్గలే, గట్టిగా ఉన్నాయి. నాలుగు నిమిషాల పని. ఆ అమ్మాయి పక్కనే నిలబడి ఉంది."

"పక్కనే నిలబడి నిన్నే చూస్తోందా?"

"ఫోన్ మాట్లాడుతోందండీ," అంది ఆవిడ నీరసంగా. అబద్ధం ఆడితే పని జరిగేచోట కూడా నిజమే చెప్పింది. నత్తగారికి అది నచ్చింది.

* * *

మూడో అంతస్తులో లిఫ్టు దిగగానే సెక్యూరిటీ ఆఫీసరు ఎదురయ్యాడు. పోలీసు ఉద్యోగం వదిలి ఆరేళ్ళయినా చొక్కా జేబులో విజిల్ వేసుకుని తిరుగుతాడు గనక ఆఫీసంతా ఆయన్ని చాటుగా విజిల్ అనే పిలుస్తుంది. ఆయనకీ నత్తగారికీ పాత పరిచయమే. వెనకటికి ఓ గోడౌన్ తగలబడితే విజిల్ సాయంత్రానికల్లా వాచ్‌మన్‌ని పట్టుకెళ్ళి లోపలేశాడు. నత్తగారు మూడు వారాలు ఆ బూడిదలో కూర్చుని, తప్పు వైరింగుదని తేల్చారు. వాచ్‌మన్ బయటికొచ్చాడు. విజిల్‌కి రావలసిన ప్రమోషన్ మాత్రం రాలేదు.

"ఏం నత్తగారూ, మీరు రేపటికి చేరుకుంటారనుకున్నాను."

"మీ లిఫ్టు చురుగ్గా ఉంది. ఆ పూలు పంపే కంపెనీ వాళ్ళదేనటగా."

"ఇకమీదట ఉండదు. రేపు బోర్డు మీటింగు. కొత్త ఆసుపత్రికి లిఫ్టులు ఎవరివో తేల్చేది రేపే. దొంగచాటుగా మాటలు వినే కంపెనీకి ఎవరిస్తారు? పూలు పెట్టే మనిషి చేత రికార్డరు పెట్టించారు. చాలా తేలిక కేసండీ ఇది. మీరు కష్టపెట్టకండి."

"తేలిక కేసులంటేనే నాకు భయం. ఒక్కసారి గది చూడనిస్తారా?"

"చూడండి. చెయ్యి మాత్రం పెట్టొద్దు."

సెక్రటరీ తాళం తీసింది. ఎనిమిదేళ్ళుగా ఇక్కడే పనిచేస్తున్న ముప్పై ఏళ్ళ అమ్మాయి. పొద్దుట్నుంచీ అడిగిందే అడిగి చంపేస్తున్నారు కాబోలు, నత్తగారు నోరు తెరవకముందే సమాధానాలు మొదలుపెట్టింది. నిన్న అయిదున్నరకి తాళం వేసి వెళ్ళింది. ఇవాళ ఎనిమిదిన్నరకి వచ్చింది. తాళాలు మూడు. ఒకటి తన దగ్గర, ఒకటి ఆఫీసరు దగ్గర, ఒకటి డైరెక్టరు దగ్గర.

"లిఫ్టుల కోసం రెండో కంపెనీ ఎవరిదమ్మా?"

"మా సార్ బావమరిదిది." ఆ అమ్మాయి గొంతులో ఏ మెలికా లేదు. "అందుకే సార్ మొన్ననే అందరి ముందూ చెప్పేశారు, ఈ విషయంలో నేను నోరెత్తను, బోర్డే తేల్చాలి అని. అంత నిఖార్సయిన మనిషండీ."

"మంచిది," అని నత్తగారు ఆ మాటని జేబులో వేసుకున్నారు.

గదిలో డైరెక్టరు బల్ల కిటికీ పక్కన ఉంది. పూల తొట్టి మాత్రం ఎదురు గోడకి ఆనించిన చిన్న బల్ల మీద, వచ్చినవాళ్ళు కూర్చునే సోఫా పక్కన ఉంది. నత్తగారు సోఫా చివర కూర్చుని ముక్కు పూలకి ఆనేంత వంగారు. ఒక నిమిషం, రెండు నిమిషాలు, ఆరు నిమిషాలు. విజిల్ గడియారం చూసుకున్నాడు, దగ్గాడు, కాళ్ళు మార్చాడు.

"పూజ అయిందా అండీ?"

"ఈ ఏడులో ఒకటి ఇంకా మొగ్గ. నాలుగు చక్కగా నిలబడ్డాయి, వాటికి కేసరాలు లేవు. ఈ గోడ వైపు రెండున్నాయి చూడండి. వీటికి కేసరాలున్నాయి. మెడలు మాత్రం వేలాడేశాయి."

"పూలన్నాక వాడవా?"

"ముందు విచ్చుకున్న నాలుగూ నవ్వుతుంటే, వెనక విచ్చుకున్న రెండూ వాడాయేం? అన్నీ ఒకే తొట్టి, ఒకే నీళ్ళు."

నత్తగారు రికార్డరు చూపించమన్నారు. పారదర్శకమైన సంచీలో ఉందది, పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి. కవరు మీద ఇటుక రంగు మరక ఒకటి, బొటనవేలు ఒత్తినంత.

"ఇదేమిటి?"

"పూలలో దొరికినదానికి పూల రంగు అంటక బొగ్గు అంటుతుందా?" అని విజిల్ నవ్వాడు. నత్తగారు నవ్వలేదు. ఫోన్లో రెండు ఫోటోలు తీసుకుని కిందికి దిగారు.

* * *

ఫోటో చూసిన మరుక్షణం పూలకొట్టావిడ తన కష్టం తాను మరిచిపోయింది. మొహం ఎర్రగా కందిపోయింది.

"ఎవరండీ వీటిని పీకి మళ్ళీ గుచ్చింది? అదీ అదే రంధ్రంలో! బుద్ధున్నవాళ్ళు చేసే పనేనా?"

"నెమ్మదమ్మా. పీకి గుచ్చారని నీకెలా తెలుసు?"

"తెలియక! స్పాంజిలో గుచ్చిన కాడని ఒకసారి పీకితే ఆ రంధ్రంలోకి గాలి చేరుతుంది. మళ్ళీ దాంట్లోనే గుచ్చితే కాడ మొదటికి నీళ్ళు అందవు. చుట్టూ తడి ఉన్నా పువ్వు దాహంతో చచ్చిపోతుంది. ఒక రాత్రి చాలు. నా కొట్లో పనికి చేరినవాళ్ళకి మొదటి రోజు నేర్పే పాఠం ఇదే. పీకితే మొదలు కోసి, కొత్తచోట గుచ్చాలి."

"అంటే రికార్డరు దూర్చడానికి గోడ వైపు రెండు కాడలు పీకిన మనిషి..."

"పూలపని తెలిసిన మనిషి కాదు." ఆవిడ అనేసి, ఆ మాట తనకే ఎంత మేలు చేస్తుందో అప్పుడర్థమై, కుర్చీలో కూలబడింది.

నత్తగారు రెండో ఫోటో చూపించారు. "కవరు మీద పుప్పొడి. నువ్వు బుధవారం పొద్దున వెళ్ళేసరికి విచ్చుకున్నవి నాలుగు, నాలుగింటికీ కేసరాలు తుంచేశావు. ఈ రెండూ అప్పటికి మొగ్గలు. ఎప్పుడు విచ్చుకుని ఉంటాయి?"

"సాయంత్రం నాలుగూ అయిదూ అయ్యుంటుంది."

"అప్పటిదాకా ఆ గదిలో పుప్పొడి అన్నదే లేదు. పదకొండున్నర మీటింగుని రికార్డు చేసిన యంత్రం, సాయంత్రం విచ్చుకున్న పువ్వుల మధ్య నుంచి స్పాంజిలోకి వెళ్ళింది. రికార్డు చేసింది ఒకచోట, దాచింది ఇంకోచోట. దొరకాలనే దాచారమ్మా. ఆ పీకినవాళ్ళ చేతికో చొక్కాకో పుప్పొడి అంటకుండా ఉంటుందా?"

ఇందాకటి కోపం, సంతోషం రెండూ ఆవిడ మొహంలోంచి ఒక్కసారిగా దిగిపోయాయి. నత్తగారు ఇరవై ఆరేళ్ళు మనుషుల మొహాలు చూసినవారు. బూడిద కంటే అవే నయంగా నిజం చెబుతాయని ఆయన నమ్మకం.

"నీకేదో తెలుసు."

"అడగొద్దన్నయ్యగారూ."

"నీ పేరు మీద ఫిర్యాదు వెళ్ళబోతోంది. రేపటికల్లా పదిహేడు కంపెనీలూ తలుపులేసుకుంటాయి. నీ కొట్లో తొమ్మిదిమంది పనిచేస్తున్నారు."

"ఎవరు ఎవరికి పూలు పంపుతారో, ఎందుకు పంపుతారో, ఎవరు నాకు ఫోన్ చేసి ఏమడుగుతారో, నా నోట్లోంచి ఒక్క మాట బయటికి రాదని నమ్మే ఆ పదిహేడు కంపెనీలూ నన్ను తమ గదుల్లోకి రానిస్తున్నాయి. నేను దొంగననుకున్నా నాలుగు రోజులకి నిజం తెలుస్తుందేమో. నోరు జారిన మనిషినని తెలిస్తే ఇక జన్మలో ఎవరూ పిలవరు." ఆవిడ తల దించుకుంది. "మీరు కనిపెట్టింది చెప్పండి. అది చాలదా?"

చాలదని నత్తగారికి తెలుసు. ఆవిడ కాదని తేల్చడానికి చాలు. ఎవరో తేల్చడానికి చాలదు. ఆ ఎవరో తేలకపోతే అనుమానం మళ్ళీ చల్లగా ఆవిడ గుమ్మంలోకే వచ్చి కూర్చుంటుంది. ఆయనకి కోపం వచ్చింది, జాలీ వేసింది. పైకి మాత్రం, "పద, పైకెళదాం," అన్నారు.

* * *

మూడూ ముప్పై అయిదుకి డైరెక్టరు వచ్చారు. మెత్తటి గొంతు, మెత్తటి నడక. గదిలో నలుగురూ నిలబడి ఉంటే అందరినీ కూర్చోమన్నారు. పూలకొట్టావిడకైతే తనే కుర్చీ జరిపారు. "ఇట్లాంటి రోజొస్తుందనుకోలేదమ్మా," అన్నారు. ఆవిడ కళ్ళలో అప్పుడు తిరిగాయి నీళ్ళు.

నత్తగారు నిదానంగా, ఒక్కొక్క గంటా ఒక్కొక్క పువ్వూ లెక్క తప్పకుండా చెప్పుకొచ్చారు. మెడ వాల్చిన రెండు లిల్లీలనీ పీకి, కాడల మొదళ్ళు చూపించారు. నీళ్ళలో ఉండాల్సిన కాడలు ఎండు పుల్లల్లా ఉన్నాయి. ఈసారి చెయ్యి పెట్టొద్దని విజిల్ అనలేదు. అంతా విని, విజిల్ గడ్డం గోక్కున్నాడు.

"ఇంకొకటుంది," అన్నాడు. ఆ మాట అనడం ఆయనకి ఎంత కష్టమైందో మొహమే చెప్పింది. "పొద్దున రికార్డు విన్నప్పుడు నాకు తట్టలేదు. ఈ తొట్టి సోఫా పక్కన ఉంది. సోఫాలో కూర్చున్నవాళ్ళ గొంతులు దగ్గరగా వినిపించాలి. అవి దూరంగా ఉన్నాయి. తడి స్పాంజి లోపల ఉండి విన్నట్టూ లేదు. సార్ గొంతు ఒక్కటే చెవిలో చెప్పినట్టుంది."

"అంటే రికార్డరు డైరెక్టరుగారి బల్ల దగ్గరే ఉంది," అన్నారు నత్తగారు.

పాత పగ ఉన్న ఇద్దరూ ఒకే మాట మీదికి రావడం ఇదే మొదటిసారి. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు గానీ, ఇద్దరి చూపూ ఒకచోటే ఆగింది. డైరెక్టరు కంగారు పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మంచిపని చేశారు. ఓ అమాయకురాలి మీద నింద తప్పింది." ఆయన నిట్టూర్చారు. "మీరు చెప్పినదాన్ని బట్టి నిన్న సాయంత్రం తర్వాత ఈ గదిలోకి వచ్చినవాళ్ళే చేశారు. నేను అయిదింటికే వెళ్ళిపోయాను, మళ్ళీ రాలేదు. మా ఆఫీసరు సంగతి నాకు తెలుసు. ఇక మిగిలింది ఒక్క తాళం. నా బల్ల మీద కాగితాలు సర్దేదీ, ఏదైనా పెట్టాలంటే పెట్టగలిగేదీ ఒక్కరే." ఆయన సెక్రటరీ వైపు చూడలేదు, ఎంతో బాధపడుతున్నట్టు కిటికీలోంచి చూశారు. "ఎవరు చేయించారో పోలీసులే కనుక్కుంటారు. ఆఫీసరుగారూ, కాగితంలో పేరు మార్చండి."

సెక్రటరీ నోరు తెరిచింది. చేతిలో తాళంచెవి జారి నేల మీద పడింది.

"నేను... అయిదున్నరకే... సార్, నేను ఎనిమిదేళ్ళుగా..."

"నాక్కూడా కష్టంగానే ఉందమ్మా," అన్నారు డైరెక్టరు మెత్తగా.

విజిల్ కలం తీశాడు. రాయలేదు, పెట్టేయనూ లేదు. తాళం మూడోది ఎవరి దగ్గరుందో ఆయనకీ తెలుసు. కానీ సార్ మళ్ళీ రాలేదన్నారు, వచ్చారని చూసిన కన్ను ఒక్కటీ లేదు. నత్తగారు పూలకొట్టావిడ వైపు తిరిగారు. ఏమీ అడగలేదు. అడిగితే ఆవిడ చెప్పదని తెలుసు.

తన పేరు కాగితం మీద ఉన్నంతసేపూ నోరు మెదపని ఆ మనిషి, నేల మీద పడ్డ తాళంచెవి వంగి తీసి సెక్రటరీ చేతిలో పెట్టింది. ప్రతి సోమవారం పొద్దున ఎనిమిదీ నలభైకి తనకి తలుపు తీసే చెయ్యి అది. ఆ చేతిని ఒక్క క్షణం అట్లాగే పట్టుకుంది. తర్వాత డైరెక్టరు ఎదురుగా వెళ్ళి నిలబడింది. గొంతు పెంచలేదు. కొట్లో కౌంటరు దగ్గర ఖాతాదారులతో మాట్లాడే గొంతే అది.

"సార్, నిన్న సాయంత్రం ఆరూ నలభైకి మీరు ఫోన్ చేశారు కదా, ఇప్పుడే లిల్లీ పుప్పొడి చొక్కా చేతి అంచుకి అంటింది, ఎట్లా పోతుందని. నీళ్ళు తగలనివ్వకండి, రుద్దకండి, సెల్లోటేపుతో మెల్లగా అద్ది తీయండి అని చెప్పాను." ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "మచ్చ పోయిందా సార్?"

డైరెక్టరు ఆ రోజు వేసుకున్నది వేరే చొక్కా. అయినా ఆయన కుడిచెయ్యి తనంతట తానే లేచి, ఎడమచేతి అంచుని కప్పేసింది. విజిల్ అది చూశాడు. చూసి, కలం మూత తీసి, కాగితంలో పాత పేరు కొట్టేశాడు.